మొహం కనబడని నీళ్ళు

అక్క పొద్దున్నే వెడల్పాటి స్టీలు గిన్నెలో కుళాయి నీళ్ళు పట్టి, అందులో చూసుకుంటూ తల దువ్వుకుంటుంది. ఇంట్లో నిలువుటద్దం ఉంది, అయినా సరే. నీళ్ళలో క్రిములుంటే ఆవిడ మొహం కనబడదు. కాస్త ఉంటే చెవులు పోతాయి, ఇంకాస్త ఉంటే ముక్కు పోతుంది, మరీ ఎక్కువైతే మనిషే ఉండదు. ఇరుగుపొరుగు కూడా అనుమానం వస్తే బిందె మోసుకొచ్చి, "ఒక్కసారి తొంగిచూడమ్మా" అంటారు. చూసి పంపించేస్తుంది. బావకి మాత్రం రోజూ కాఫీ ఆలస్యమవుతోందని సణుగుడు.

తమ్ముడికి ఊరి మంచినీళ్ళ టాంకు దగ్గర ఉద్యోగం. నీళ్ళలో క్లోరిన్ కలపాలి. తర్వాత టాంకు కుళాయి దగ్గర చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వెయ్యాలి. పసుపు రంగు వచ్చిందంటే క్లోరిన్ సరిపోయినట్టు. పదకొండేళ్ళుగా ఒక్క రోజు మానలేదు. తన పెళ్ళినాడు కూడా పెళ్ళిబట్టలతో పరిగెత్తుకొచ్చి కలిపి వెళ్ళాడు మహానుభావుడు.

అలాంటివాడు ఆ సోమవారం మధ్యాహ్నం వచ్చి అక్క వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు.

"చివరి వీధిలో తొమ్మిదిమందికి వాంతులు, విరేచనాలు అక్కా. వాళ్ళ కుళాయి నీళ్ళలో చుక్కలేస్తే రంగే రాలేదు. ఎవరైనా పరీక్షకొచ్చిన రోజే క్లోరిన్ కలుపుతానట నేను! రేపు సాయంత్రం సస్పెన్షన్ కాగితం ఇస్తానంది మా ఇంజనీరమ్మ. ఒకావిడ కూతురు ఆస్పత్రిలో ఉంది. నలుగురిలో నా మీద దుమ్మెత్తిపోసింది."

"నిజం చెప్పు. కలిపావా?"

"నీ మీద ఒట్టు, కలిపాను. టాంకు దగ్గర పసుపు వస్తూనే ఉంది."

"టాంకు దగ్గర తప్ప ఇంకెక్కడా చూడరా మీరు?"

తమ్ముడికి ముందు పనిచేసినాయనా అక్కడే చూసేవాడు, ఆయనకి ముందువాళ్ళూ అంతే. అక్కకి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు నీళ్ళు వదిలే వేళకి గిన్నె చంకన పెట్టుకుని చివరి వీధికి బయలుదేరింది. అక్క కబురు పెడితే ఇంజనీరమ్మ కాగితం, పెన్నూ పట్టుకుని వెంట నడిచింది. మొదటి ఇంటి నుంచి ఒక్కో కుళాయి దగ్గరా గిన్నె నింపడం, వంగి చూడడం.

"చెవులున్నాయా?" అడిగింది ఇంజనీరమ్మ.

"రెండూ ఉన్నాయి. రాసుకోండి."

ఏడో ఇంటిదాకా మొహం నిండుగా ఉంది. ఎనిమిదో ఇంట్లో గడ్డం ఒక్కటే మిగిలింది. తొమ్మిదో ఇంట్లో వట్టి గిన్నె.

"ఏడో ఇంటికీ ఎనిమిదో ఇంటికీ మధ్య తవ్వించండి!" అని అరిచింది అక్క.

తవ్వితే మురిక్కాలవ కింద పైపు అతుకు పగిలి ఉంది. నీళ్ళు ఆపిన ప్రతిసారీ ఆ సందులోంచి మురుగు లోపలికి చేరుతోంది. తమ్ముడు కలిపిన క్లోరిన్ అంతా ఆ మురుగుతో పోరాడి అక్కడే అయిపోతోంది, పాపం. ఇంజనీరమ్మ సస్పెన్షన్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

"తప్పు నాది కూడా. నేనూ టాంకు దాటి చూడలేదు. ఇకమీదట చుక్కలు చివరి కుళాయి దగ్గర కూడా వెయ్యాలి," అంది.

కొత్త పైపు వేశారు. క్లోరిన్ గట్టిగా కలిపిన నీళ్ళు పైపు నిండా నింపి, ఒక రోజు ఉంచి, కడిగి వదిలేశారు. క్రిములు లేవని ల్యాబు కాగితం వచ్చేదాకా వీధంతా కాచిన నీళ్ళే తాగింది. కాగితం వచ్చిన పొద్దున అందరూ చివరి కుళాయి దగ్గర మూగారు. తమ్ముడు చుక్కలు వేశాడు, పసుపు వచ్చింది. అక్క వంగి చూసింది. నెరిసిన వెంట్రుకలతో సహా మొహమంతా ఉంది. అయినా ఎవరూ గ్లాసు పట్టరే!

ఆరోజు తిట్టినావిడ ముందుకొచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చిన కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమయ్యా, ఇవి నువ్వు క్లోరిన్ కలిపిన నీళ్ళేనా?"

"అవునండీ. నేనే కలిపాను."

ఆవిడ గ్లాసు నింపి, తను తాగకుండా, నేరుగా కూతురి చేతికిచ్చింది. ఆ పిల్ల గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు తమ్ముడి ముందు చాపింది.

"ఇంకో గ్లాసు, మామయ్యా."

వీధిలో అందరి ముందూ తమ్ముడు భోరుమన్నాడు. వెనకాల బిందెలు వరస కడుతున్నాయి.

"ఏడుపు తర్వాత, ముందు పిల్లకి నీళ్ళు పట్టరా!" అంది అక్క, తనూ కళ్ళు తుడుచుకుంటూ.