అవతలి చివర ఆమెన్

పాస్టరుగారింట్లో భోజనానికి ముందు ప్రార్థన తప్పదు. ఆయనా, భార్యా, కూతురూ ముగ్గురూ ఆమెన్ అన్నాకే గిన్నెల మూతలు తీయాలి. అది ఆయన తండ్రి నాటి నుంచీ వస్తున్న పద్ధతి.

ఎవరి పిల్లలు మాట వినకపోయినా ఆయన దగ్గరికే తీసుకొచ్చేవారు. యువకుల కూటంలో ఆయన మాట్లాడితే ఎంత మొండి పిల్లలైనా మెత్తబడేవారు. పదహారేళ్ల సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన దేవుడితోనే చెప్పుకునేవారు. అదీ పిల్ల ఎదురుగా, కళ్లు మూసుకుని.

"ప్రభువా, ఆలస్యంగా ఇంటికొచ్చే వారికి బుద్ధి దయచెయ్యి. ఫోను పట్టుకుని కూర్చునే వారి కళ్లు తెరిపించు."

ఆ ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చునేది ఒక్కరే. దేవుడికి చిరునామా వెతుక్కునే పని లేదు.

అలా ప్రార్థించిన ప్రతిసారీ భోజనాల బల్ల జానెడు పెరిగేది. మొదట్లో భార్య, పైన పరిచే గుడ్డ సరిపోవడం లేదని విసుక్కుంటూ రెండు దుప్పట్లు కలిపి కుట్టింది. బల్ల హాలు దాటింది, వరండా దాటింది. తలుపు మూయడం కుదరక, దోమలు రాకుండా తెర కట్టారు. ఇంటికొచ్చిన సంఘపెద్ద "బల్ల బాగా సాగిందండీ" అని, తన కొడుకు గురించి సలహా అడిగి వెళ్లిపోయాడు.

కూతురి కుర్చీ అవతలి చివర ఉండేది. బల్లతో పాటే అదీ జరుగుతూ పోయింది. తల్లి కంచం పట్టుకుని అంతదూరం నడిచేలోగా అన్నం చల్లారిపోయేది. ఆమెన్ కూడా ఆలస్యంగా వచ్చేది. అది వచ్చేదాకా తల్లీ తండ్రీ మూతల మీద చేతులు పెట్టుకుని ఎదురుచూసేవారు. ఆ కాసేపు ఆ ఇంట్లో ఎవరూ లేనట్టుండేది.

ఒక సాయంత్రం బల్ల గేటు దాకా వెళ్లింది. ప్రార్థన అయింది. ఆమెన్ రాలేదు.

"ఇంకొంచెం చూద్దాం," అన్నారు పాస్టరుగారు.

"చూసింది చాలండీ. పిల్ల పొద్దున్న వాళ్ల పెద్దమ్మకి ఫోన్ చేసి, వచ్చి వాళ్లింట్లోనే ఉండిపోతానందట. వెళ్లండి," అంది భార్య.

ఆయన బల్ల పక్కనే నడిచారు. ఎంతకీ తరగలేదు. ఇదంతా నేను చేసిన దూరమే కదా అనుకుంటే సిగ్గేసింది. గేటు దగ్గర కూతురు ఒళ్లో సంచి పెట్టుకుని బస్సు కోసం చూస్తోంది. ముందు కంచం ఖాళీగానే ఉంది.

"మళ్లీ ప్రార్థనా డాడీ?"

అలవాటు కొద్దీ కళ్లు మూయబోయి ఆయన ఆగారు. "లేదమ్మా. ఈ పూట నువ్వు చెయ్యి. ఆమెన్ నేనంటాను."

ఆ పిల్ల రోడ్డు వైపు చూస్తూనే మొదలుపెట్టింది.

"ప్రభువా, నా ఫ్రెండ్ వేరే స్కూలుకి వెళ్లిపోయింది. క్లాసులో నా పక్కన ఎవరూ కూర్చోరు. ఒక్కదాన్నే నడుస్తుంటే అందరూ చూస్తారని, వాళ్లంతా వెళ్లాక వస్తున్నా. ఫోన్లో కూడా ఎవరూ మాట్లాడరు. పాత మెసేజీలే చదువుకుంటున్నా. ఇంట్లో చెబుదామంటే, ఆదివారం ప్రసంగంలోకి వచ్చేస్తుందని భయం."

పాస్టరుగారి నాలుక చివరికి వచనాలూ సలహాలూ వచ్చేశాయి. అన్నీ మింగేశారు. "ఆమెన్," అన్నారు.

పక్కనే మూత తీసిన చప్పుడైంది. తలెత్తితే ముగ్గురూ హాల్లోనే ఉన్నారు. తల్లి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో కూర్చుని వడ్డిస్తోంది. బయటెక్కడో బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"ఆ సంచి కాళ్లకి అడ్డం, లోపల పెట్టిరా," అంది తల్లి.

కూతురు సంచి తన గదిలో పెట్టి వచ్చింది. కూర్చోబోతూ, కుర్చీని ఇంకొంచెం ముందుకి లాక్కుంది.