మోత చేసే టైర్లు

మా అల్లుడు నెల రోజుల పాటు టైర్ల మీద పరిశోధన చేశాడు. పెళ్ళికి ముందు మా అమ్మాయి గురించి కూడా ఇంత వాకబు చేసి ఉండడు. వృత్తి రీత్యా ఆడిటరు. పదిమంది లెక్కల్లో తప్పులు పట్టడం అతని పని, ఆ పనిని సాయంత్రాలు ఇంటికి కూడా తెచ్చుకుంటాడు. మనసులో అతనికి సర్వజ్ఞుడని పేరు పెట్టుకున్నాను. పైకి మాత్రం మీరు, అల్లుడు గారు అనే పిలుస్తాను. మర్యాదకు లోటు చేసే మనిషిని కాను.

ఇంటి మొత్తానికి బండి ఒక్కటే. ఎత్తుగా, ఏడుగురు పట్టేంత పెద్ద బండి. సెలవు రోజుల్లో అమ్మాయి, అల్లుడు, మనవరాలు షికార్లకు వాడుకుంటారు. మిగతా రోజుల్లో అది నాది. నేను పశువుల డాక్టర్ని. సర్కారు నన్ను రిటైర్ చేసింది గానీ పశువులు చేయలేదు. ఊరు దాటి తారు రోడ్డు మీద చాలా దూరం పోయి ఎడమకు తిరిగితే మట్టి దారి, ఆ దారి చివర వాగు పక్కన పాడి షెడ్లు ఉన్నాయి. అక్కడికి వెళ్ళే డాక్టరు నేనొక్కదాన్నే. కుర్ర డాక్టర్లకు బూట్లకు మట్టి అంటితే జ్వరం వస్తుంది.

మొన్నటి వానల్లో ఒక గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే బయల్దేరాను. అరిగి నున్నగా గుండైపోయిన టైర్లు బురదలో గిర్రున తిరిగాయే తప్ప బండి కదల్లేదు. దిగి, మోకాళ్ళ లోతు బురదలో నడిచి వెళ్ళేసరికి గేదె పోయింది, కడుపులో దూడా పోయింది. దాన్ని సాకిన ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ మొహం చూశాక నాకు అన్నం సయించలేదు. ఇంటికొచ్చి, బురదను చీల్చుకుంటూ పోయే టైర్లు కావాలని చెప్పాను. అంతే, సర్వజ్ఞుడు లాప్‌టాప్ తెరిచాడు.

నెల తర్వాత ఒక సాయంత్రం హాల్లో నన్ను కూర్చోబెట్టి తీర్పు వినిపించాడు.

"అత్తయ్యగారూ, మన బండి ఎక్కువ తిరిగేది తారు రోడ్డు మీదే కదా. ఆల్ టెర్రైన్‌లో మధ్యరకం వేసుకుంటే రెండు దారులకూ పనికొస్తాయి. మీరు అడిగే లోతు గాట్లవి మట్టిలో బాగుంటాయి గానీ, తారు మీద ఒకటే మోత."

ఇదంతా అతను గొణిగాడు. మూడోసారి చెబితే గానీ నాకు అర్థం కాలేదు. ఈ కాలం పిల్లలకు నోరు తెరిచి మాట్లాడటం చేతకాదు. సగం మాట పళ్ళ మధ్యే నమిలేస్తారు. మా అమ్మాయి నా కడుపున పుట్టి కూడా ఈ మధ్య అదే నేర్చుకుంది. టీవీలో వార్తలు చదివే పిల్ల సంగతి సరేసరి. ఇక స్టెతస్కోపులు తయారు చేసేవాళ్ళంతా దొంగలు. నా మొదటి స్టెతస్కోపు ఆవు పొట్టకు ఆనిస్తే లోపల బండరాళ్ళు దొర్లినట్టు వినిపించేది. ఇప్పుడొచ్చేవి ఎన్ని మార్చినా అంతే, గోడకు ఆనించినట్టు ఉంటాయి.

"మోత అంటే భయమా?" అన్నాను. "మీ చెవులు వెన్నపూసతో చేశారా అల్లుడు గారూ?"

"భయమని కాదండీ. దూరం వెళ్ళేటప్పుడు తలనొప్పి వస్తుంది."

తలనొప్పి రావాలంటే తలలో ఏదో ఒకటి ఉండాలి. ఆ మాట మనసులోనే అనుకుని కాఫీ తాగాను. ఆయనగారు మట్టి మీద బండి నడిపింది నాకు తెలిసి ఒకే ఒక్కసారి, అదీ ఏదో రిసార్టు గేటు లోపల, పార్కింగ్ వెతుక్కుంటూ. అలాంటి మనిషి నాకు దారుల గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

"మీ పరిశోధన మీ దగ్గరే ఉంచుకోండి. బండి నడిపేది నేను. లోతు గాట్లవే వేయిస్తాను."

మా అమ్మాయి మొగుడి వైపు చూసింది. అతను భుజాలెగరేశాడు. వాదనలో ఓడిపోయినవాళ్ళంతా అదే పని చేస్తారు.

ఆదివారం ముగ్గురం టైర్ల షాపుకి వెళ్ళాం. షాపాయన మా గొడవంతా విని మీసాల్లో నవ్వుకున్నాడు. "మా బండి కూడా మీ మోడలేనమ్మా. దానికి ఆ లోతు గాట్లవే ఉన్నాయి. ఒక రౌండు కొట్టి రండి. ఇంకెవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు," అని తాళాలిచ్చాడు. లోకంలో బుద్ధున్న మగవాడు కూడా ఉంటాడని తెలిసి సంతోషించాను.

నేను స్టీరింగ్ పట్టాను. అల్లుడు పక్కన, అమ్మాయి వెనక. పెద్ద రోడ్డెక్కి వేగం పెంచాను. ఏదీ ఆ మోత? పసిపిల్లను నిద్రపుచ్చవచ్చు ఆ బండిలో. నెల రోజులు చదివి ఈయన కనిపెట్టింది ఇదా అని నాకు లోలోపల నవ్వు పొంగుకొచ్చింది. ఆరు నెలలు సాము నేర్చి మూలనున్న ముసలమ్మను కొట్టిన ఘనుడు ఇలాగే ఉండి ఉంటాడు.

అతను నా వైపు తిరిగి ఏదో గొణిగాడు. బాగుందా అని అడిగినట్టుంది.

"అవును, సీట్లు కూడా మెత్తగా ఉన్నాయి," అన్నాను.

మళ్ళీ ఏదో అన్నాడు. ఈసారి చెయ్యి కూడా ఊపాడు. అంతలో ఒక లారీ మా ఎడమ పక్కనుంచి, అద్దానికి రాసుకుంటుందేమో అన్నంత దగ్గరగా దూసుకుపోయింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను ఏదో తిట్టాడు. హారన్ కొట్టి దారి అడగాలన్న ఇంగితం కూడా లేని వాడికి లైసెన్సు ఎవరిచ్చారో అనుకున్నాను. అమ్మాయి నా భుజం పట్టుకుని కుదిపి, పక్కకు ఆపమని చేత్తో చూపించింది.

ఆపి దిగాం. అల్లుడి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఒక్క లారీకే ఇంత పిరికితనమా అని నేను అందుకున్నాను. ఎదురుగా నిలబెట్టి, టైర్ల మోత గురించి, అతని తలనొప్పి గురించి, మగతనం మొత్తం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. అతను నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగా అతని కళ్ళు వాలిపోయాయి.

వెనక్కి తిరిగాను. మా అమ్మాయి రెండు అరచేతులూ నా చెవికి జానెడు దూరంలో ఉన్నాయి. కళ్ళ నిండా నీళ్ళు.

ఆ పని ఏమిటో నాకు తెలుసు. పిలిస్తే పలకని కుక్కను ఎవరైనా తెస్తే, వెనక నిలబడి దానికి కనబడకుండా చప్పట్లు కొడతాను. చెవి కదిలిందా లేదా చూస్తాను. చిన్నప్పుడు బడి వదిలాక మా అమ్మాయి నా క్లినిక్‌లో కూర్చుని అది ఎన్నో సార్లు చూసింది.

"ఎన్నిసార్లు కొట్టావు?" అన్నాను.

"చాలాసార్లు," అంది. "లారీ అంతసేపు హారన్ కొట్టిందమ్మా. ఆయన దారివ్వమంటే నువ్వు సీట్లు మెత్తగా ఉన్నాయన్నావు. ఆ టైర్ల మోతకు మేం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం."

ఆ మాటలు నేను ఆమె పెదవుల మీద చదివాను. చాలా కాలంగా అందరి మాటలూ అలాగే చదువుతున్నానని అప్పుడు తెలిసింది. మొహం ఇటు తిప్పి మాట్లాడినవాళ్ళు నాకు మంచివాళ్ళు, అటు తిప్పి మాట్లాడినవాళ్ళు గొణిగేవాళ్ళు. నాకు భయం వేసింది. చెవుల కోసం కాదు. ఇక తాళాలు లాక్కుంటారు, ఆ షెడ్లలో గొడ్లు చస్తే నేను ఇంట్లో కూర్చుని కబురు వినాలి. ఆ కబురైనా వినిపిస్తుందో లేదో.

షాపు దాకా బండి అల్లుడు నడిపాడు. ఏ టైర్లు వేయమంటారని షాపాయన అడిగాడు. అప్పుడు సర్వజ్ఞుడు నా చెవి దగ్గరికి వంగి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, "మీకు, ఏవి, ఇష్టమైతే, అవే, వేయిద్దాం," అన్నాడు.

ముసలి గొడ్లతో నేను మాట్లాడేది అలాగే. మా ఇంటికి అల్లుడై వచ్చిన నాటి నుంచి కూరలో ఉప్పు దగ్గర కూడా నాకు లొంగని మనిషి, అడక్కుండానే నన్ను గెలిపించేస్తున్నాడు. అతను నన్ను చెంపదెబ్బ కొట్టినా అంత అవమానంగా ఉండేది కాదు.

"నెల రోజులు చదివావుగా," అన్నాను. "ఇప్పుడు తోక ముడుస్తావేం? వాదించు."

మీరు అనడం మరిచిపోయాను. అతను ఒక్క క్షణం తికమకపడ్డాడు. తర్వాత ఎదురుగా వచ్చి నిలబడి, మామూలు గొంతుతోనే, నోరు తెరిచి మాట్లాడాడు.

"అవి వద్దండీ. చెవికి మిషను పెట్టుకున్నా ఆ మోతలో మీకు హారన్ వినిపించదు. మధ్యరకమైతే తారు మీద చప్పుడు తక్కువ. బురద దగ్గర ఆగి గాలి కొంచెం తీసేస్తే అవీ లాగుతాయి, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ నింపుకోవచ్చు. షెడ్లకు వెళ్ళాలంటే ముందు ఈ రోడ్డు దాటాలిగా మీరు."

తప్పు పట్టడానికి వెతికాను. ఎక్కడా దొరకలేదు. నవ్విన నాపచేనే పండిందని ఒళ్ళు మండిపోయింది. వెళ్ళాలంటే అన్నాడు, మానుకోండి అనలేదు. ఒళ్ళు మండుతూనే ఆ మాటను పట్టుకుని నిలబడ్డాను.

"ఈయన చెప్పినవే వేయండి," అన్నాను షాపాయనతో.

మా బండికి టైర్లు బిగించాక తాళాలు అతని చేతిలో పెట్టాను. చెవుల డాక్టరు చూసి సరేననే దాకా నీ దగ్గరే ఉంచు అని చెప్పి, నా బండిలో మొట్టమొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాను. అతను అద్దం సర్దుకుంటూ, ముందుకు చూస్తూ, ఏదో అన్నాడు. ఇంతకాలం ఇలాంటప్పుడు తోచింది ఊహించి జవాబు పడేసేదాన్ని. ఈసారి ధైర్యం చాలలేదు.

"ఆఁ? మళ్ళీ చెప్పు," అన్నాను.

అతను సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"రేపు షెడ్లకు ఎన్నింటికి బయల్దేరాలి అంటున్నానండీ. ఆఫీసుకి సెలవు పెడతాను."

"తెల్లారకముందే," అన్నాను. "పాత చెప్పులేసుకో."