కరెంటు పోయినప్పటి గొంతు

టెలిఫోన్ ఎక్స్చేంజిలో శకుంతల ట్రైనింగుకు చేరిన వారానికే మా అందరికీ చెవులు గింగురుమన్నాయి. "నంబర్ ప్లీజ్" అని ఆమె అరిస్తే పక్క ఊరు కాజీపేటవాళ్లకు ఫోను లేకుండానే వినిపించేది. ఆమె పక్క కుర్చీ నాది. నా ఖర్మ.

మాకు పని నేర్పే సూపర్వైజరు లక్ష్మీనర్సమ్మ గారిది మెత్తటి గొంతు. తప్పు చెప్పేముందు ఒక మంచి మాట చెప్పాలన్నది ఆవిడ పద్ధతి. తప్పు దగ్గరికి వచ్చేసరికి మొహమాటంతో ఆ గొంతు ఇంకా తగ్గిపోయేది.

"ప్లగ్గులు మంచిగ పెడ్తానవ్ శకుంతలా" అని, తర్వాత ఏదో గొణిగేవారు.

"థాంక్స్ మేడం!" అని అరిచేది శకుంతల. ఆమెకు సగమే వినిపిస్తోందని నాకు ఆలస్యంగా తట్టింది. పరీక్ష దగ్గర పడింది. ఇక ఉండబట్టలేక నేనే చెప్పాను.

"మేడం గొంతు తగ్గించుమంటాంది. లేకుంటే ఫెయిలేనట."

శకుంతల తెల్లబోయింది. ఫెయిలైతే మళ్లీ ఇంట్లో కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టడమే. మర్నాడు గొంతు తగ్గించింది. ఎంతగా అంటే, పెదవులు మాత్రమే కదిలాయి. అవతలివాళ్లు హలో హలో అని విసిగి ఫోను పెట్టేశారు. వేళాకోళం చేస్తోందేమోనని నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం మేడం నన్ను వెంటబెట్టుకుని మట్టెవాడలో శకుంతల వాళ్లింటికి వెళ్లారు. లోపల మరమగ్గాలు నడుస్తున్నాయి. గోడలు అదురుతున్నాయి. ఇంట్లోవాళ్లు దూరంగా ఉన్నవాళ్లతో అరుస్తున్నారు. దగ్గరున్నవాళ్లతో ఉత్త పెదవులు కదుపుతున్నారు. తల్లి పోశవ్వ అలాగే ఏదో చెప్పింది, శకుంతల తలూపి పీటలు తెచ్చింది. ఆ ఇంట్లో మూడో గొంతు లేదు.

మేడం తన పద్ధతిలోనే మొదలుపెట్టారు. "మీ బిడ్డ శాన హుషారు..."

"జర నోరు తెరిచి చెప్పుండ్రి మేడం! మంచి చెప్తాండ్రో చెడు చెప్తాండ్రో సమజైతలేదు!" అని పోశవ్వ అరిచింది. మేడం ముఖం ఎర్రబడింది.

అంతలో కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి.

"కూసోండ్రి మేడం, చాయ పెడ్త" అంది శకుంతల. ఎంత చక్కటి గొంతు! ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో.

"గదే గొంతు!" మేడం ఈసారి ఇల్లంతా వినపడేలా అన్నారు. "బోర్డు ముంగట కూసున్నప్పుడు కరెంటు పోయిందనుకో."

పరీక్షకు హైదరాబాదు నుంచి ఆఫీసరు వచ్చి పక్కన కూర్చున్నాడు. కాల్ వచ్చినట్టు బోర్డు మీద దీపం వెలిగింది. శకుంతల నిండా ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి వెనక వచ్చేదేమిటో నాకు తెలుసు. చెవులు మూసుకోబోయాను.

"కరెంటు పోయింది!" అని వెనక నుంచి లక్ష్మీనర్సమ్మ గారు కేక పెట్టారు.

ఆఫీసరు ఉలిక్కిపడి, తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"నంబర్ ప్లీజ్" అంది శకుంతల, చాయ పెడతానన్న గొంతుతో. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఆఫీసరు ఆమెను పాస్ చేశాడు. వెళ్తూ వెళ్తూ, సూపర్వైజరు మాత్రం గొంతు కొంచెం తగ్గించుకోవాలన్నాడు.

ముందు ఒక్క మంచి మాటైనా చెప్పలేదు.