పచ్చిలోనే సత్తువంట

మా ఆయన పద్మనాభ శెట్టి చింతామణిలో పెద్ద మనిషి. ఈ మాట నేను చెప్పేది కాదు, ఆయనే చెప్పుకుంటాడు. బజారులో బెల్లం, చింతపండు అంగడి ఉండాది. కుల సంఘానికి కార్యదర్శి కూడా. నయా పైసలొచ్చిన ఏడు మా వాళ్ళలో ఒకాయన బెంగళూరు హోటల్లో ఆమ్లెట్ తిన్నాడని తెలిసింది. మా ఆయన ఆ మనిషిని అందరి ముందరా నిలబెట్టి, ఆవు పేడా, పంచితమూ, పాలూ, పెరుగూ, నెయ్యీ కలిపిన పంచగవ్యం గిన్నెడు తాగించి, పంక్తిలో దూరంగా కూర్చోబెట్టినాడు. ఇంటికొచ్చి "ఆచారం నిలబెట్టినా" అని మీసం దువ్వుకున్నాడు. ఆ మీసం కూడా అంతంత మాత్రమే లెండి.

మనిషి సన్నం. గాలి గట్టిగా వీస్తే బెల్లం బస్తా పట్టుకొని నిలబడల్ల. బజారులో నవ్వుతారని ఆయనకు లోపల శానా బాధ. అది కనిపెట్టినాడు ఒస్తాదు నంజప్ప. యాడినుంచో వచ్చి ఊరి బయట మామిడి తోపులో కుస్తీలు నేర్పే గరడీ పెట్టినాడు. చొక్కా లేకుండా తిరిగి, అడిగినోడికీ అడగనోడికీ కండలు చూపిస్తాండె. "పొయ్యి తగిలితే తిండిలో సత్తువ చస్తాది. పచ్చిలోనే ఉండాది సత్తువ. పులి వండుకొని తింటాదా?" అని వాని బోధ.

మా ఆయన ఆ బోధను నెత్తిన పెట్టుకొని ఇంటికి తెచ్చినాడు.

"పులి వండుకుంటాదా, అంబుజా?"

"పులి పంచె కూడా కట్టుకోదు కదా" అన్న్యా.

ఆ పొద్దు అన్నం తినలేదు. అలిగినాడు. మరుసటి పొద్దు నుంచి మొదలు. ఆవు కింద గొంతుక్కూర్చొని, పొదుగు దగ్గర నోరు పెట్టి గుమ్మపాలు తాగేది. ఆవు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. దానికే సిగ్గేసినట్టుండాది. పెరుగు పొద్దుటిది పనికిరాదంట, వారం దినాలు మూలన పెట్టి, మూత తీస్తే పిల్లి కూడా పారిపోయేదాకా పులవల్లంట. ముక్కు మూసుకోకుండా దాన్ని తాగేది. మా అత్త వాసవాంబ మాత్రం మురిసిపోయింది. "నా కొడుకు తపస్సు చేస్తాండాడు" అనేది.

శనివారం శనివారం కొండ మీద భజనకంటా పోయేవాడు. భజనకు పోయినోడు త్రేన్చుకుంటా ఎందుకొస్తాడు, నోటి నిండా వక్కాకు, యాలక్కాయలు కుక్కుకొని మాట్లాడకుండా ఎందుకు పండుకుంటాడు అని నేనడగలేదు. దేవుడి సంగతి మనకేంటికిలే అని గమ్మునున్న్యా.

కొన్నాళ్ళకు మనిషి ఇంకా చిక్కినాడు. ఇద్దరి తిండి తింటాడు, ఒళ్ళు మాత్రం కరిగిపోతాండాది. కడుపునొప్పి. రాత్రంతా నిద్రలో పండ్లు పటపటా కొరుకుతాడు. అత్త దినమంతా ఆలోచించి తీర్పు చెప్పింది.

"నువ్వు ఆకుకూర కడగవు. మట్టీ పురుగూ నా కొడుకు కడుపులోకి పంపిస్తాండావు. నీ చేతుల్లోనే ఉండాది దోషం."

"ఆ ఆకుకూరే కదత్తా మీరూ నేనూ తింటాండాము? మనకేం కాలేదే!"

"నోరు చూడు దీనికి!" అని పీట తెచ్చి వంటింటి గడప మీద వేసుకొని కూర్చుంది. ఆ పొద్దు నుంచి నేను గడప దాటి లోపలికి పోకూడదు. కాపురానికొచ్చిన పొద్దు నుంచి ఆ పొయ్యి నాది. ఆ గోడకు పట్టిన మసి నాది. బయట నిలబడి, నా పప్పు అడుగంటే వాసన పీల్చుకున్న్యా.

మా ఆయనైనా ఒక మాట అంటాడేమోనని చూసినా. అన్నాడు. "శుభ్రం లేని చేతి వంట నా ఒంటికి పట్టదు. మీ నాయనకు కబురు పెట్టినా. కొన్నాళ్ళు బాగేపల్లిలో ఉండు."

కొన్నాళ్ళంటే ఏందో ఆడపిల్లలందరికీ తెలుసు. రెండో పెండ్లి కూడదని సర్కారు చట్టం తెచ్చింది, సంతోషం. పెండ్లాన్ని పుట్టింట్లో వదిలేసి మరిచిపోతే ఏ చట్టమూ అడగదు. మా అమ్మ లేదు. పుట్టింట్లో పొయ్యి మా వదినది. అక్కడా గడప బయటే నా చోటు. ఈ వంటిల్లు పోతే నాకు యాడా వంటిల్లు లేదు.

మా నాయన రాకముందే మా ఆయన అంగట్లో కడుపు పట్టుకొని పడిపోయినాడు. జట్కాలో వేసుకొని సర్కారు ఆస్పత్రికి పోయినాము. అత్తకు ఆస్పత్రి వాసన పడదు, తోడు నేనే పోవల్లొచ్చింది. అప్పుడు మాత్రం నా చేతులు శుభ్రమే! డాక్టరు పస్తుంచి మందు పోసి, దాని మీద భేదిమందు పోసినాడు. రెండో పొద్దుకు బయటికొచ్చింది. తెల్లగా, చదునుగా, లంగా నాడా మాదిరి పొడుగ్గా! కాంపౌండరు దాన్ని స్పిరిట్ పోసిన గాజు సీసాలో వేసినాడు.

డాక్టరు కన్నడాయన. సీసా పైకెత్తి చూసి, "లాడి హుళ" అన్నాడు, బద్దెపురుగని. తర్వాత మా ఆయనను, "హంది మాంస సరియాగి బేయిసదె తిందిద్దీరా?" అని అడిగినాడు. పంది మాంసం సరిగ్గా ఉడకకుండా తిన్నారా అని!

"అయ్యో స్వామీ, మేము శెట్లం! ఏకాదశికి ఉల్లిగడ్డ కూడా ముట్టం" అన్న్యా.

డాక్టరు తెలుగులోకి దిగినాడు. "పురుక్కి కులం తెలీదమ్మా. అది పంది కండలో గింజ మాదిరి ఉంటాది. సగం కాలిన మాంసం తింటే మనిషి కడుపులో ఇంత పెరుగుతాది."

మా ఆయన తలెత్తి పైకప్పు దూలాలు చూస్తాండాడు. అంత శ్రద్ధగా ఎప్పుడూ దేన్నీ చూడలేదు.

"ఆకుకూర కడక్కపోతే ఇది వస్తాదా డాక్టరయ్యా?" అనడిగినా.

"ఈ పురుగు అట్ల రాదు. కానీ దీని గుడ్లు ఈయన దొడ్డికి పోయినప్పుడు బయటికొస్తాయి. సబ్బుతో చేతులు కడక్కుండా తిండి ముట్టుకుంటే, ఆ గుడ్లు మీ కడుపులోకి పోతాయి. తలకెక్కితే మూర్ఛలొస్తాయి. ఈయన చేతులు జాగ్రత్త తల్లీ."

ఈయన చేతులు! నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇంట్లో చూపించల్లని కాంపౌండర్ని అడిగి సీసా కొంగున చుట్టుకున్న్యా.

జట్కాలో మా ఆయన నోరు తెరిచినాడు. "మందని తిన్నా అంబుజా. శనివారం శనివారం నంజప్ప తోపులో సగం కాల్చి ఇచ్చేవాడు. సన్నంగా ఉండానని బజారంతా నవ్వుతాండారు కదా" అని ఏడ్చినాడు. నాకు నిజంగా జాలేసింది. తల నిమిరినా కూడా. అప్పుడన్నాడు: "మీ నాయనొస్తే ఆకుకూర వల్లే అని చెప్పు. సంఘంలో నా పరువు ఉండల్ల కదా. నువ్వు ఆడదానివి, నీకేముంది?"

ఆ జాలి జట్కా దిగేలోపలే చచ్చింది.

మా నాయన అశ్వత్థప్ప శెట్టి మరుసటి పొద్దే వచ్చినాడు. అత్త గడప మీద పీట కదలకుండానే నా చేతుల కథంతా చెప్పింది. మా ఆయన చాప మీద కూర్చొని, "ఆకుకూర పురుగు మామా. డాక్టరే అన్నాడు" అని సన్నగా దగ్గినాడు.

మా నాయన తల దించుకున్నాడు. "తల్లి లేని బిడ్డ అల్లుడూ. నేర్పించేవాళ్ళు లేకపోయిరి. మన్నించు" అని రెండు చేతులూ జోడించినాడు. తెల్లజుట్టు మనిషి, ఈ అబద్ధాలకోరు ముందర! నా రక్తం సలసలా కాగింది. లోపలికి పోయి సీసా తెచ్చి మా ఆయన ముందర ఠపీమని పెట్టినా.

"ఏందమ్మా ఇది?" అన్నాడు నాయన.

"కొండ మీద భజనలో మీ అల్లుడికిచ్చిన ప్రసాదం నాయనా. పందిలో పుట్టి ఈయనలో పెరిగింది. నమ్మకుంటే పా, ఆస్పత్రికి పోయి డాక్టర్ని అడుగుదాం."

మా ఆయన మళ్ళా దూలాల వైపు చూసినాడు. మా నాయన సీసా తిప్పి తిప్పి చూసి, జోడించిన చేతులు మెల్లగా దించినాడు.

"పద్మనాభా, ఆమ్లెట్టుకు గిన్నెడు తాగించినావని విన్న్యా. దీనికెంతప్పా?"

అత్త పీట తీసుకొని గడప మీంచి లేచింది. నా మొహం చూడకుండా గోడ పక్కకు జరిగింది.

నేను లోపలికి పోయి పొయ్యి రాజేసినా. నాయనకు ఆకుకూర పప్పే చేసినా, ఇంగువ ఘుమఘుమలాడేట్టు. ఆ వాసనకు మా ఆయన చాప మీంచి లేచొచ్చి గడప మీద కాలు పెట్టినాడు.

"ఆడనే నిలబడు" అన్న్యా. "తొట్టి దగ్గర సబ్బుండాది. ముందు చేతులు కడుక్కొని రా."