చుక్క కాగితం

రంగు పొడిని ముందు చన్నీళ్ళతో ముద్దగా కలపాలి. తర్వాత సలసల కాగే నీళ్ళు పోస్తూ తిప్పాలి. పూర్తిగా కరిగాకే ఉప్పు. తొందరపడి ఉప్పు ముందే వేస్తే, కరగకుండా మిగిలిన రంగు ఇక ఎంత తిప్పినా కరగదు; ఉండలుగానే పోయి గుడ్డను కరుచుకుంటుంది. కరిగిందో లేదో చెప్పేది ఒక్క చుక్క. పీల్చే కాగితం మీద వేస్తే అది మచ్చ లేకుండా పరుచుకోవాలి. నలకంత గింజ కనిపించినా మళ్ళీ తిప్పాల్సిందే.

ఆ అద్దకం షెడ్డులో ఇరవై ఆరేళ్ళుగా చుక్క చూసేది నీలం మామ. గోళ్ళలోంచి నీలం ఏనాడూ వదలదు కాబట్టి ఆ పేరు. ఏడాదిగా అతనికి కాగితం మీద కనిపించేది ఓ నీలపు మసక, అంతే. ఆ సంగతి తెలిసింది పక్క తొట్టి దగ్గర పనిచేసే బావమరిది ఒక్కడికే. రోజూ అటుగా వచ్చి కాగితం మీద ఓ చూపు పడేసేవాడు. "బావా, టీ తాగుదామా?" అంటే కరిగినట్టు. "నీ మొహానికి టీ ఒకటా!" అంటే ఇంకా తిప్పమని. చూపు లేనివాడు అలా ఏడాదిపాటు చూపున్న మేస్త్రి కళ్ళు కప్పాడు.

ఆ రోజు బావమరిది పన్ను పీకించుకోవడానికి పోయాడు. బాయిలరు ఆలస్యంగా అంటుకుంది. నీళ్ళు గోరువెచ్చన దాటలేదని చేతికి తెలుస్తూనే ఉంది. మేస్త్రి నెత్తిన కూర్చున్నాడు.

"రంగు కలుపుతున్నావా మామా, దానికి జోల పాడుతున్నావా?"

నీలం మామ కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తాడు. మసక. ఇంకొకరిని చూడమంటే గుట్టు రట్టవుతుంది.

"కరిగింది. ఉప్పు వెయ్యండి" అన్నాడు.

మధ్యాహ్నం బట్ట బయటికొచ్చింది. నాలుగు వందల మీటర్లు, మశూచి పోసిన మొహంలా, నిండా నల్లమచ్చలు.

మేస్త్రి అరవలేదు. అరిచినా బాగుండేది. ఓ చుక్క కాగితం తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"చూసి చెప్పు మామా. ఎన్ని మచ్చలున్నాయి?"

నీలం మామ మనసులో లెక్క వేసుకున్నాడు. అజాగ్రత్త అని ఒప్పుకుంటే నాలుగు తిట్లతో పోతుంది. కళ్ళు పోయాయని తెలిస్తే తొట్టే పోతుంది. కాగితాన్ని దూరం పెట్టాడు, దగ్గర పెట్టాడు, పెద్ద పనివాడిలా తలూపాడు.

"మూడు... కాదు, నాలుగు. తప్పు నాదే. పొద్దున తొందరలో సరిగ్గా చూడలేదు."

మేస్త్రి గొంతు మెత్తబడింది.

"ఇది పొద్దుటిది కాదు మామా. ఇందాక మీ బావమరిది వచ్చి కలిపిన రంగు. ఒక్క మచ్చ కూడా లేదు."

రేపటి నుంచి ఉప్పు గోదాములో బస్తాలు మొయ్యమన్నారు. బస్తాలకు చూపు అక్కర్లేదట.

సాయంత్రం గేటు దగ్గర బావమరిది వాచిన దవడ పట్టుకుని, నోట్లో దూదితోనే విరుచుకుపడ్డాడు.

"మేస్త్రి వెనకే నిలబడి సున్నా చుట్టి చూపించాను కదా బావా! రెండు చేతులా చూపించాను! ఎటు చూస్తున్నావసలు?"

నీలం మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నీ వైపే చూశాన్రా" అన్నాడు.