రెండు వేళ్ళ అవతల పెట్టిన చుక్క

కెటిల్ చెరువు ఎక్కడుందో వెండెల్ ప్రాట్ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ ఒక్కరికీ నిజం చెప్పలేదు. తన పడవల్లో వెంటబెట్టుకుని తీసుకెళ్ళిన అతిథులకి కూడా చెప్పలేదు. బయల్దేరేటప్పుడు వాళ్ళ ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించి, మూతి బిగించి, పడవ అడుగున పెట్టేవాడు. "పటంలో దానికి పేరే లేదు, చెప్పినా మీకేం తెలుస్తుంది" అనేవాడు. పేరు పెట్టింది తనే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒడ్డున స్ప్రూస్ చెట్టు కొమ్మకు ఎవరో పాతకాలపు వేటగాడు తగిలించి వదిలేసిన మసిబారిన కెటిల్ కనిపించింది. దాన్ని అతను తియ్యలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో క్యారిబూ జింకలు ఆ చెరువు సన్నబడే చోట నీళ్ళలోకి దిగి అవతలి ఒడ్డుకి ఈదుతాయి. ఒకటీ రెండూ కాదు, వందలు. నడుస్తుంటే వాటి కాళ్ళ కీళ్ళు టకటకమంటాయి. అన్నీ కలిసి వస్తుంటే ఆ చప్పుడు వినడానికి మనిషి ఊపిరి బిగబట్టాల్సిందే. ఆ ఒక్క వారం కోసం జనం సముద్రాలు దాటి వచ్చేవారు. వెండెల్ బతుకంతా ఆ వారం మీదే నడిచింది.

కెనడా ఉత్తరాన ఉన్న మా యూకాన్‌లో ఇలా దాచుకోవడాన్ని ఎవరూ తప్పు పట్టరు. అడవిలోకి జనాన్ని తీసుకెళ్ళి బతికేవాడు తన చోటు పక్కవాడికి చెప్పాడంటే వాణ్ణి వెర్రివాడి కింద జమకడతాం. అబద్ధం చెప్పడం కూడా ఒక మర్యాదే. ఒకసారి సాటి పడవలవాడు గస్ టల్లీ ఫలానా వాగులో మోచెయ్యంత చేపలున్నాయని చెబితే వెండెల్ నమ్మి మూడు రోజులు తెడ్డు వేసుకుంటూ పోయాడు. అక్కడ బీవర్ జంతువులు కొమ్మలతో కట్టిన అడ్డుకట్ట, నడుం లోతు బురద తప్ప ఏమీ లేవు. తిరిగొచ్చి "చేపలు బ్రహ్మాండం గస్, నీకు రుణపడిపోయాను" అన్నాడు. గస్ రెండో వారం తనే వెళ్ళి చూసొచ్చాడట, నిజంగానే ఉన్నాయేమోనని! ఇద్దరూ ముప్ఫై ఏళ్ళుగా ఒకే నది మీద పడవలు నడుపుతున్నారు, ఒకే బల్ల మీద బీరు తాగుతున్నారు, ఇంతవరకూ ఒక్క నిజం మార్చుకోలేదు.

ఇలాంటి వాళ్ళందరినీ ఒక తాటి మీదికి తెచ్చింది సంఘం. సంఘమంటే వైట్‌హార్స్ పట్నంలో రెండు గదుల ఆఫీసు, ఎప్పుడూ కాచే ఉండే కాఫీ, కార్యదర్శి నోరీన్ హేగర్. బీమా కంపెనీలు పడవలవాళ్ళ మొహం చూడటానికి ఒప్పుకోనప్పుడు అందరికీ కలిపి ఒకే బీమా తెచ్చింది ఆవిడే. వెండెల్ మోకాలి ఆపరేషన్‌తో ఆసుపత్రిలో పడి, లైసెన్సు గడువు దాటబెట్టుకున్నప్పుడు పర్యాటక శాఖ గుమ్మంలో రోజంతా కూర్చుని కాగితం చేతబట్టుకుని వచ్చింది కూడా ఆవిడే. "మీ మోకాలు బాగుపడింది, నా నడుం పట్టేసింది పెద్దాయనా" అని నవ్వింది.

మూడేళ్ళ కిందట ఒక గని కంపెనీ కొండల్లోకి రోడ్డు వేస్తానంది. పర్యాటకులు తిరిగే ముఖ్యమైన చోట్లేవో చెప్పండి, వాటిని తప్పించి వేయిస్తామంది ప్రభుత్వం. అడవి నాది అనుకునేవాళ్ళకి గొంతులో వెలక్కాయ పడింది. చెబితే రహస్యం పోతుంది, చెప్పకపోతే చోటు పోతుంది. నోరీన్ ఒక దారి ఆలోచించింది. వెనక గదిలో బల్ల మీద పెద్ద పటం పరిచింది. ఒక్కొక్కరే లోపలికి రావాలి, ఒక ఎర్ర చుక్క అంటించాలి, వెళ్ళిపోవాలి. ఎవరిది ఏ చుక్కో తనకు తప్ప మూడో మనిషికి తెలియదు.

వెండెల్ వంతు వచ్చింది. చుక్క వేలి కొసన పెట్టుకుని వంగాడు. చెయ్యి తిన్నగా కెటిల్ చెరువు మీదికే పోయింది. అప్పుడు ఓరగా తీసి ఉన్న తలుపు సందులోంచి గస్ టల్లీ టోపీ కనబడింది. తర్వాతి వంతు అతనిదే, బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తలుపు వైపు చూడటం కూడా లేదు పాపం. అయినా వెండెల్ చెయ్యి దానంతటదే రెండు వేళ్ళంత పక్కకి జరిగి, గట్టుకి అవతల ఉన్న టోబిన్ చెరువు మీద చుక్క అంటించేసింది. టోబిన్ అంటే దోమలు, నాచు, మోకాలి లోతు ఊబి. అక్కడికి జింక కూడా దారి తప్పితేనే వస్తుంది.

"ఇదేనా?" అంది నోరీన్, అతని కళ్ళలోకి చూస్తూ.

"ఇదే. క్యారిబూలు దాటేది ఇక్కడే."

"మీరు చెబితే చాలు వెండెల్. నేను చూసుకుంటాను."

బయటికొచ్చి అతను పెద్దగా బాధపడలేదు. చుక్క చుట్టూ పదిహేను కిలోమీటర్లు వదలమని సంఘం అడుగుతోంది కదా, ఆ గీతలో కెటిల్ చెరువు కూడా పడుతుందిలే అనుకున్నాడు. అంతటితో ఆ సంగతి మరిచేపోయాడు.

నోరీన్ మాత్రం రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. కంపెనీకి అన్నిటికన్నా తేలికైన దారి సరిగ్గా టోబిన్ పక్కనుంచే పోతుంది. దాంతో గొడవంతా ఆ చుక్క దగ్గరే వచ్చి ఆగింది. తన పేరు బయటపెట్టడానికి ఒప్పుకుని, విచారణకి ఒకరోజు వెండెల్ కూడా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. "మీరు ఆ చెరువు చూశారా?" అని కంపెనీ లాయరు అడిగాడు.

"చూడలేదు" అంది నోరీన్. "కానీ వెండెల్ ప్రాట్ చూశాడు. ఆయన ఉందని చెబితే నేను నా కళ్ళతో చూసినట్టే."

వెండెల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. అప్పుడే లేచి చెప్పేస్తే సరిపోయేది. పదిహేను కిలోమీటర్లు ఉన్నాయిగా అని మళ్ళీ సర్దిచెప్పుకున్నాడు. ఆ చలికాలంలో బేరసారాలు జరిగి పదిహేను కాస్తా నాలుగైంది. సంఘం నుంచి ఆ సంగతి చెబుతూ ఉత్తరం వచ్చింది కూడా. సంఘం ఉత్తరాలు చదివే అలవాటు వెండెల్‌కి లేదు. వాటితో పొయ్యి రాజేసుకునేవాడు.

ఏప్రిల్‌లో సంఘం వార్షిక సమావేశం. హాలంతా మూస్ దుప్పి మాంసం కూర వాసన. నోరీన్ బల్లెక్కి నిలబడింది. గెలిచామంది. నలభై మూడు చుక్కల్లో ఒక్కటీ పోలేదంది. టోబిన్ కోసం కంపెనీ రోడ్డునే పక్కకి జరిపించామంది. జనం చప్పట్లు కొట్టారు, బల్లలు గుద్దారు. గస్ వచ్చి వెండెల్ వీపు మీద ఒక్కటి చరిచాడు.

"ఒరేయ్ ముసలి నక్కా! టోబిన్ అట్రా! నేను ఇన్నేళ్ళూ అదేదో బురదగుంట అనుకుని అటువైపే పోలేదు. ఎంత మోసగాడివిరా నువ్వు!"

గోడకి కొత్త పటం తగిలించారు. వెండెల్ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళాడు. రోడ్డు గీత టోబిన్ దగ్గరదాకా వచ్చి, చుక్క చుట్టూ గీసిన గుండ్రాన్ని మర్యాదగా తప్పించుకుని, గట్టెక్కి అవతలి లోయలోకి దిగింది. పేరు లేని ఒక చిన్న చెరువు సన్నబడే చోట వంతెన గుర్తు ఉంది. వెండెల్ ఆ గుర్తు మీద వేలు పెట్టి చూసుకున్నాడు, అది కెటిల్ చెరువే. వెనకాల జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. తను అబద్ధం చెప్పకుండా ఊరుకున్నా రోడ్డు కెటిల్ చెరువు జోలికి వచ్చేది కాదు. తన చుక్కే రోడ్డుని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళింది.

మర్నాడు ఆఫీసు తెరవగానే వెళ్ళాడు. నోరీన్ కాఫీ పోసి ఇచ్చింది. అతను కప్పు ముట్టుకోకుండా మొత్తం చెప్పేశాడు.

"ఎందుకు?" అంది నోరీన్.

"గస్ బయట కూర్చున్నాడు."

"గస్ బయట కూర్చున్నాడా!" ఆవిడ నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "మరి లోపల కూర్చున్నది నేను కదా వెండెల్. నాక్కూడా చెప్పకూడదా?"

వెండెల్‌కి తల కొట్టేసినట్టయింది. "నా బుద్ధి గడ్డి తిన్నదమ్మాయ్" అన్నాడు.

"అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇంకా ముప్ఫై రోజుల గడువుంది" అందావిడ. "నేను వెళ్ళి నిజం చెప్పగలను. కానీ ఒక్క చుక్క అబద్ధమని నా నోటితో అన్నానంటే ఆ లాయరు ఊరుకోడు. మిగతా నలభై రెండూ నిజమని రుజువేంటంటాడు. అన్నీ ఆపేయిస్తాడు. మళ్ళీ మొదటికొస్తాం, ఈసారి నా మాట ఎవరూ నమ్మరు. అయినా అది మీ చెరువు. మీరు వెళ్ళమంటే వెళ్తాను."

"ఆలోచించుకుని చెబుతాను" అని లేచాడు వెండెల్. నిజానికి వెళ్ళమనే చెబుదామనుకున్నాడు. అందరూ తనలాంటివాళ్ళే కదా, ఆ పటం నిండా అబద్ధాలే అయ్యుంటాయి, పోతే పోనీ అనుకున్నాడు. అది తేల్చుకోవడానికే గస్ పెరట్లోకి వెళ్ళాడు. గస్ బోర్లించిన పడవకి మాసిక వేస్తున్నాడు.

"గస్, ఒక మాట నిజం చెప్పు. నీ చుక్క ఎక్కడ పెట్టావు?"

"సల్ఫర్ వాగు మలుపులో. కొండగొర్రెలు ఉప్పు నాకే తెల్ల బండ లేదూ, అక్కడ."

"అక్కడేమీ లేవని పదేళ్ళుగా నాతో చెబుతున్నావు కదరా!"

"నీతో చెప్పాను. అబద్ధం నీతో చెప్పకపోతే ఎవరితో చెబుతాను?" గస్ చేతులు తుడుచుకున్నాడు. "ఆ అమ్మాయి మొహంలోకి చూసి ఎలా అబద్ధమాడతామురా? మన కోసమే కదా తిరుగుతోంది. లోపలికి వెళ్ళేముందు ఆ బెంచీ మీద కూర్చుని చెమటలు పట్టాయి నాకు. ముప్ఫై ఏళ్ళ రహస్యం కదా! చుక్క పెట్టేశాక మాత్రం హాయిగా అనిపించింది, నిజం. నీకు అనిపించలేదా?"

"అనిపించింది" అన్నాడు వెండెల్.

"ఉప్పు బండ దగ్గరికి ఒకసారి తీసుకెళ్తాలే. అన్నీ బయటపడ్డాయి కదా, ఇంక దాచుకోవడమెందుకు. నువ్వు నన్ను టోబిన్‌కి తీసుకెళ్ళు."

వెండెల్ సరేనన్నాడు. ఇంటికి వెళ్ళి గుమ్మంలో కూర్చుని, చాలాకాలం తర్వాత ఏడ్చాడు. చెరువు పోయినందుకు కొంతే. బెంచీ మీద గస్ కూర్చుని చెమటలు కక్కుతుంటే, వాడు తన గుట్టు లాగడానికే వచ్చాడనుకున్నందుకు మిగతాదంతా.

సాయంత్రం నోరీన్‌కి ఫోన్ చేశాడు. "వెళ్ళొద్దమ్మాయ్. ఎవరికీ చెప్పొద్దు. ఆ పటం అలాగే ఉండనీ."

"ఖాయమేనా?"

"ఖాయమే. కానీ సెప్టెంబరులో నాలుగు రోజులు నాతో రా."

వంతెన పని వచ్చే ఏడాది మొదలవుతుంది. సెప్టెంబరు మొదటి వారంలో వెండెల్ అతిథులెవర్నీ ఒప్పుకోలేదు. నోరీన్‌ని పడవ ముందు వైపు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆవిడ ఫోన్ తీసి సంచి కోసం చూస్తే, "ఉంచుకో, పరవాలేదు" అన్నాడు. ఒడ్డున మరుగుజ్జు చెట్లన్నీ ఎర్రబడ్డాయి. స్ప్రూస్ కొమ్మకి కెటిల్ వేలాడుతోంది. దాని పక్క కొమ్మకే సర్వేవాళ్ళు నారింజరంగు పట్టీ కట్టి వెళ్ళారు.

రెండు రోజులు ఏమీ రాలేదు. ఇద్దరూ టీ తాగుతూ, బానక్ రొట్టె కాల్చుకు తింటూ కూర్చున్నారు. మూడోరోజు పొద్దున్నే టకటకమని చప్పుడు మొదలైంది. ముందు ఒక ముసలి ఆడజింక వచ్చి నీళ్ళు వాసన చూసి దిగింది. దాని వెనక కొండవాలు మొత్తం కదిలింది. పిల్లలు తల్లుల పక్కనే తలలు పైకెత్తి ఈదుతున్నాయి. నీళ్ళలోంచి లేచి ఒళ్ళు విదిలించుకుని, వీళ్ళిద్దర్నీ లెక్కచెయ్యకుండా పదడుగుల దూరంలోంచి నడిచిపోతున్నాయి. నోరీన్ చేతిలో టీ చల్లారిపోయింది. ఫోన్ జేబులోంచి తియ్యనే లేదు.

చివరి జింక అవతలి ఒడ్డెక్కేసరికి మధ్యాహ్నమైంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, వెండెల్ వైపు చూడకుండా చెరువు వైపే చూస్తూ అంది.

"చూడని బురదగుంట కోసమే అంత మాట్లాడాను వెండెల్. దీని కోసమైతే ఎంత మాట్లాడేదాన్నో!"

వెండెల్ లేచి, కొమ్మకున్న కెటిల్ తీసి, లోపలి ఆకులూ తుక్కూ దులిపి, పడవలో పెట్టాడు.