చేత్తో కలిపేస్తా

కరెంటు పోయి చాలాసేపైంది. జనరేటర్ ఎప్పుడు వేస్తారా అని ల్యాబంతా కబుర్లలో పడింది.

"ఇవాళ్టికి ఇంతేనా మేడమ్?" వెనక బెంచీ గుండుగాడు ఆశగా అడిగాడు.

లెక్చరర్ నవ్వబోయింది. అంతలో గది చివర నుంచి టప్, టప్ మని చప్పుడు. నవ్వు పెదాల మీదే ఆగిపోయింది.

రసాయన ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు ఎలా పుడతాయో పిల్లల చేతే ప్రయోగాలు చేయించి చూపించే క్లాసు అది. గది చివర, పైకీ కిందికీ జరిగే అద్దం తలుపున్న అరలో ఒక గాజుపాత్ర, అందులో కాస్త ఆమ్లం కలిపిన నీళ్లు. పైనున్న గరాటు లోంచి ఘాటైన ద్రవం చుక్కచుక్కగా పడుతుంటే మోటారుతో తిరిగే స్టిరర్ దాన్ని ఎప్పటికప్పుడు కలిపేస్తుంది. కలిసినంత మేరకే వేడి పుడుతుంది.

ఇప్పుడు మోటారు ఆగింది. చుక్కలు ఆగలేదు. వాటికి కరెంటుతో పనేముంది?

పడిందంతా అడుగున నూనెలా పేరుకుపోయి ఉంటుంది. దాన్ని కదిలిస్తే ఇంతసేపటి వేడీ ఒక్కసారే వస్తుంది. పాత్ర దగ్గరున్నవాడి మొహాన పొంగుతుంది.

ఆ దగ్గరున్నవాడు ఆమె మరిది. రక్షణ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, అరలోకి తల దూర్చి, చేతిలో గాజుకడ్డీతో నిలబడ్డాడు.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏయ్! ఆ కడ్డీ అవతల పెట్టు!"

"మోటారు లేకపోతేనేం మేడమ్? చేత్తో కలిపేస్తా. రీడింగు చెడకూడదుగా!"

ఇంట్లో వదిన, ఇక్కడ మేడమ్. నీకు శ్రద్ధ లేదని పొద్దునే అందరి ముందూ దులిపేసింది. ఆ శ్రద్ధే ఇప్పుడు చూపిస్తున్నాడు.

"కలుపు నాయనా, కలుపు! వదినగారి మార్కులన్నీ నీకే!" గుండుగాడు ఎగదోశాడు. అందరూ గొల్లుమన్నారు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. కడ్డీ పాత్ర మూతి మీదికి వంగింది.

"వద్దురా! నీకు దండం పెడతాను, వద్దు!"

ఆ గొంతు అతను ఇంట్లోనూ వినలేదు, కాలేజీలోనూ వినలేదు. చెయ్యి గాలిలోనే ఆగింది. నవ్వులు ఆగాయి.

"ఏమైంది వదినా?"

జవాబు చెప్పే వ్యవధి లేదు. కిటికీ అవతల జనరేటర్ ఖళ్లుమని దగ్గింది. స్టిరర్ స్విచ్ వేసే ఉంది. కరెంటు వస్తే కడ్డీతో పనిలేదు, మోటారే కలిపేస్తుంది.

ఆమె పరుగెత్తింది. స్టూలు తగిలి మోకాలు చీరుకుపోయింది. ఎవరి సంచో కాలికి చుట్టుకుంటే ఈడ్చుకుంటూనే పోయింది. జనరేటర్ మళ్లీ దగ్గింది. ఈసారి ఇంజను అందుకుంది.

స్విచ్ పాత్ర వెనకుంది. దానికోసం చెయ్యి చాచింది. నెత్తిన ట్యూబులైటు మిణుక్కుమంది.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మరిది కాలర్ పట్టి ఒక్క గుంజు గుంజి, రెండో చేత్తో అద్దం తలుపు కిందికి లాగేసింది.

స్టిరర్ గిర్రున తిరిగింది.

ఒక క్షణం ఏమీ కాలేదు. తరువాత పాత్ర బుస్సుమంది. మరిగిన ద్రవం ఎగజిమ్మి, అతని మొహం ఇందాక ఉన్నచోటే అద్దాన్ని ఈడ్చి కొట్టింది. అరంతా తెల్లటి ఆవిరి. అద్దం కింది సందు లోంచి ఘాటు తన్నుకొచ్చి కళ్లు భగ్గుమన్నాయి.

"బయటికి! సంచులు వదిలెయ్యండి! పదండి!"

వరండాలో ఆమె తలలు లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్లీ పెట్టింది. అందరూ ఉన్నారు. గుండుగాడు గోడకు జారగిలబడి తన బూట్ల వంక చూస్తున్నాడు.

మరిది కాలర్ ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. వదులుదామంటే వేళ్లు మాట వినడం లేదు.

"అన్నయ్యకి చెప్పకు వదినా," అన్నాడు గుసగుసగా.

"చెప్పను. కానీ నువ్వు ఇప్పుడే వీళ్లందరికీ చెప్పు. ఏం చెయ్యబోయావో, ఎందుకు చెయ్యకూడదో."

అతను స్నేహితుల వైపు తిరిగాడు. "కరెంటు పోగానే... ముందు చుక్కలు ఆపాలి. తరువాత స్విచ్ ఆపాలి. కలపకూడదు. నేను..."

నుదుటి మీది కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎవ్వరూ నవ్వలేదు.